ఈ ఇంట్లో పిల్లలెంతమంది?

జనవరి వచ్చిందంటే హెర్లిందా క్వావుత్లె ఇంట్లో కూర్చోవడానికి చోటు దొరకదు. మంచం మీద నలుగురు, సోఫా మీద ముగ్గురు, కుట్టుమిషను పక్కన ఒకడు, రేడియేటరు వేడి తగలకుండా కిటికీ వారగా ఇంకో ఇద్దరు. అందరూ మూరెడేసి పసివాళ్ళు. ఒకడికి కాలివేళ్ళుండవు, ఒకడికి ముక్కు చెక్కుకుపోయి ఉంటుంది, ఒకడి కళ్ళు రెండూ ఊడదీసి సాసర్లో పెట్టి ఉంటాయి. ఫిబ్రవరి రెండో తారీకుకల్లా అందరికీ ఒళ్ళు బాగుపడాలి, కొత్తబట్టలు పడాలి. ఆ రోజు మెక్సికోలోని ప్యూబ్లా నుంచి వచ్చిన ప్రతి కుటుంబం తమ ఇంటి బాల యేసుని చేతుల్లో పెట్టుకుని చర్చికి వెళ్తుంది. నిరుటి బట్టలతో తీసుకెళ్ళారంటే ఏడాది పొడుగునా నలుగురి నోళ్ళలో నానాల్సిందే.

వాణ్ణి బొమ్మ అనకూడదు. నీన్యో అనాలి. నీన్యో అంటే పిల్లాడు. కడుపున పుట్టినవాడికీ అదే మాట, ప్లాస్టర్‌తో పోతపోసినవాడికీ అదే మాట. రంగు పెచ్చులూడితే "మావాడికి ఒంట్లో బాగాలేదు" అని తీసుకొస్తారు. "మూడో ఏడు కదా, ఈసారి కూర్చుంటాడు, కుర్చీ చూడు" అంటారు. ఒకావిడైతే బస్సులో వాణ్ణి మెడ కింద చెయ్యి పెట్టకుండా ఎత్తుకుందని పక్క సీటావిడ చేత చీవాట్లు కూడా తింది.

హెర్లిందాకి ఈ పని తండ్రి దగ్గర అబ్బింది. అగ్నిపర్వతం కింది ఊళ్ళో ఆయన చర్చి విగ్రహాలకి మరమ్మతులు చేసేవాడు. గాజుకన్ను ఎలా కూర్చాలో, కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ ఎలా అంటించాలో ఆమె ఎనిమిదో ఏటికే నేర్చింది. పంతొమ్మిదో ఏట న్యూయార్కు వచ్చింది. బ్రాంక్స్‌లో నాలుగో అంతస్తు, రెండు గదులు. పొద్దున్న లాండ్రీలో బట్టలు మడత పెట్టడం, మధ్యాహ్నం నుంచి నీన్యోల వైద్యం. భర్త ఔసెన్సియో మూడేళ్ళ కిందట తల్లిని మట్టి చెయ్యడానికి ఊరెళ్ళాడు, మళ్ళీ సరిహద్దు దాటి రాలేకపోయాడు. ఇప్పుడు ఆదివారాలు ఫోన్లో కనిపిస్తాడు. ఇక ఇంట్లో ఉన్నది ఆమే, ఏడేళ్ళ కూతురు నయేలీ. కూతురు ఇక్కడ పుట్టింది కాబట్టి దానికి కాగితాలున్నాయి. తల్లికి లేవు.

కాగితాల్లేని మనిషి భయం ఎలాంటిదో ఆ వీధిలో ఎవర్నీ అడగక్కర్లేదు. ఏ స్టేషన్లో రైలు దిగకూడదో, ఏ మూల మలుపు దగ్గర ఆగకూడదో, తలుపు కొట్టినప్పుడు టీవీ ఎంత త్వరగా కట్టేయాలో హెర్లిందాకి కంఠతా వచ్చు. పదిహేడేళ్ళుగా ఆమె ఎవరి కంటా పడకుండా నెట్టుకొచ్చింది. అదంతా ఒక్క ప్లాస్టర్ చేతితో గల్లంతయ్యే పరిస్థితి వచ్చింది.

ఆదివారం నాడు దోన్యా యూఫెమియా గారి నీన్యో చెయ్యి ఆమె చేతిలోనే విరిగింది. అలాంటిలాంటి నీన్యో కాదు, ఆ ముసలావిడ అమ్మమ్మ కాలంనాటివాడు. నోట్లో అంగిలికి చిన్న అద్దం ముక్క పెట్టి చేసినవాడు, అలాంటివి ఇప్పుడు చేసేవాళ్ళే లేరు. పాత రంగు తుడుస్తుంటే టప్పుమని మోచేతి దగ్గర తెగింది. హెర్లిందా నేలమీద కూలబడి గట్టిగా ఏడ్చింది.

"అయ్యో, పిల్లాడి చెయ్యి విరగ్గొట్టేశాను! దోన్యా యూఫెమియాకి మొహం ఎలా చూపించను?"

నయేలీ పక్కనే నిలబడి చూసింది. తల్లి కళ్ళు తుడుచుకుని వాడి గాజుకళ్ళు ఊడదీయడం, చేతికి తీగ కట్టి ప్లాస్టర్ మెత్తడం, దుమ్ము పడకుండా చెప్పుల పెట్టెలో పడుకోబెట్టి మంచం కిందికి తోయడం, అంతా చూసింది. సోమవారం బళ్ళో టీచరు మిస్ డోనవన్ అందర్నీ ఆదివారం ఏం చేశారో చెప్పమంది. నయేలీ ధైర్యం కూడగట్టుకుని లేచి ఇంగ్లీషులో చెప్పింది.

"మా అమ్మ చిన్నబాబు చెయ్యి విరగ్గొట్టింది. తర్వాత వాడి కళ్ళు తీసేసింది. మంచం కింద పెట్టెలో పెట్టింది. ఎవరికీ తెలీకూడదని ఏడ్చింది."

మిస్ డోనవన్‌ని తిట్టుకుని లాభం లేదు. పిల్ల నోట ఆ మాట విన్న టీచరు ఫోను చేసి తీరాలి, చట్టం అది. చెయ్యకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఆ బాబు దేనితో చేసినవాడమ్మా అని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది, కానీ భూమ్మీద ఏ టీచరుకి తడుతుంది ఆ ప్రశ్న?

హెర్లిందాకి ఇవేవీ తెలియవు. మంగళవారం మధ్యాహ్నం లాండ్రీ నుంచి వచ్చేసరికి తలుపు సందులో ఒక కవరుంది. దాని మీద నగరం ముద్ర ఉంది. కోటు కూడా విప్పకుండా ఎదురింటి ఆల్టాగ్రాసియా తలుపు కొట్టింది. ఆల్టాగ్రాసియాది డొమినికన్ దేశం, అరవై దగ్గర పడుతున్న మనిషి, ఇక్కడి పౌరురాలు. ఆమెకి ఇంగ్లీషూ వచ్చు, నోరూ ఉంది.

"అక్కా, ఇదేమిటో చూడు."

ఆల్టాగ్రాసియా కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చదివే కొద్దీ ఆమె గొంతు సన్నబడింది. అది ఎప్పుడూ జరగని సంగతి.

"పిల్లల సంరక్షణ ఆఫీసు వాళ్ళే, అమ్మాయ్. ఇవాళ వస్తే నువ్వు లేవంట. గురువారం మళ్ళీ వస్తారంట. పిల్ల క్షేమం గురించి మాట్లాడాలంట."

"ఏ పిల్ల?"

"నీకెంతమంది ఉన్నారే పిల్లలు? నయేలీయే కదా!"

"ఏం చేశాను నేను?"

"అది రాయలేదు. వాళ్ళు రాయరు. చెప్పు, కొట్టావా దాన్ని?"

"దేవుడి తోడు, ఎప్పుడూ కొట్టలేదు." హెర్లిందా కోటు గుండీ తిప్పుతూ అంది, "పోయిన నెల ఒకసారి జుట్టు పట్టుకుని లాగాను. పేలు చూస్తుంటే కదిలిందని."

"పేల సంగతి వాళ్ళకి చెప్పకు తల్లీ. ముందు అదే రాసుకుంటారు."

ఆ రోజు నుంచి హెర్లిందా తన తప్పులన్నీ తవ్వుకోవడం మొదలుపెట్టింది. తల్లన్నాక తవ్వితే దొరకనిదేముంది? బట్టలుతకడానికి కిందికెళ్ళినప్పుడు పిల్లని అరగంట ఒక్కదాన్నీ ఉంచింది. చలికాలం కోటు చేతులు పొట్టివైనా ఇంకో ఏడు లాగుదామనుకుంది. పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. అన్నిటికన్నా ఎక్కువగా, నయేలీ ఎడమ మణికట్టు మీద చిక్కుడు గింజంత కాలిన మచ్చ ఉంది. జిగురు కరిగించే తుపాకీ క్రిస్మస్ పండక్కి ముందు తగిలింది. ఆ మచ్చే ఆమెని తినేసింది. ఎవరో చూశారు, ఎవరో చెప్పారు, ఇంక పిల్లని తీసుకుపోతారు. తననేమో ఇంకోవైపు పంపేస్తారు. నయేలీ ఎవరింట్లో పడుకుంటుంది? దానికి గ్లాసుడు అటోలే, అదే మొక్కజొన్న జావ, తాగితేగానీ నిద్ర పట్టదని వాళ్ళకి ఎవరు చెప్తారు?

కబురు మెట్లు దిగి వీధంతా పాకింది. బుధవారం పొద్దున్నుంచే ఆడవాళ్ళు ఒక్కొక్కరూ రావడం మొదలైంది. ధైర్యం చెప్పడానికొచ్చారు, సరే. పోతూ పోతూ ఎవరి పిల్లాణ్ణి వాళ్ళు తీసుకుపోయారు.

"ఏమీ అనుకోకు కొమాద్రె, తోబుట్టువు లాంటిదానివి. వాడి కాలికి మా పేరు, మా ఫోన్ నంబరు కట్టావు కదా. ఆఫీసు వాళ్ళు చూస్తే..."

"వేళ్ళింకా ఆరలేదు."

"పర్లేదులే, వేళ్ళు లేకుండానే చర్చికొస్తాడు."

నిజమే, ప్రతి నీన్యో కాలికీ ఒక చీటీ ఉంటుంది. దాని మీద ఇంటిపేరు, ఫోను, గది నంబరు ఉంటాయి. కాగితాల్లేనివాళ్ళ చిట్టా మొత్తం దారం కట్టి ఆమె మంచం మీద పరిచినట్టే. హెర్లిందా వాళ్ళని తప్పు పట్టలేదు, తానైనా అదే చేసేది. మిగిలినవాళ్ళ చీటీలు తనే కత్తెరతో తెంపి పొయ్యిలో కాల్చింది. ఎవడు ఎవరి పిల్లాడో ఆమెకి చీటీ చెప్పక్కర్లేదు, మొహాలు చూస్తే చాలు. పొద్దున్నకి ఇరవైమూడుమంది ఉంటే సాయంత్రానికి తొమ్మండుగురు మిగిలారు. మంచం బోసిపోయింది. పదోవాడు పెట్టెలో మంచం కిందే ఉండిపోయాడు, భయంలో వాడి సంగతే ఆమెకి గుర్తులేదు.

నయేలీ బడి నుంచి రాగానే హెర్లిందా దాన్ని ముందు కూర్చోబెట్టుకుని రెండు చేతులూ పట్టుకుంది.

"బంగారం, ఇంట్లో సంగతులు బళ్ళో ఎవరికైనా చెప్పావా?"

పిల్ల తల్లి మొహం చూసింది. ఆ మొహం చూశాక ఏ పిల్లయినా చెప్పేది ఒకటే. "లేదు."

"చెప్పకు. ఒక్క మాట కూడా వద్దు. ఎవరేమడిగినా నోరు విప్పకు. నువ్వు నోరు విప్పావంటే నిన్నూ నన్నూ విడదీసేస్తారు. అర్థమైందా?"

అర్థమైందని తలూపింది. అప్పుడే నోరు విప్పకుండా.

గురువారం మూడున్నరకి తలుపు చప్పుడైంది. వచ్చినావిడ పేరు మిసెస్ బాప్టిస్ట్. నల్లజాతి మనిషి, బూట్ల నిండా మంచు, మెళ్ళో కార్డు. గుమ్మం దగ్గరే బూట్లు విప్పబోతే హెర్లిందా వద్దు వద్దని చేతులూపింది. ఆల్టాగ్రాసియా తోడుగా వచ్చి నిలబడితే, ఒక భాష మాట ఇంకో భాషలో చెప్పడానికి ఇరుగుపొరుగు పనికిరారని, మెట్ల మీద కూర్చోమని మర్యాదగానే బయటికి పంపింది. తన ఫోను తీసి బల్లమీద పెట్టింది. అందులోంచి ఎక్కడో దూరదేశంలో కూర్చున్న ఒక మగగొంతు స్పానిష్‌లో పలికింది.

"అమ్మా, నేను ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్తాను. ఏమీ కలపను, ఏమీ తీసెయ్యను."

మిసెస్ బాప్టిస్ట్ పెన్ను తీసింది. గొంతు అడిగింది.

"ఈ ఇంట్లో పిల్లలెంతమంది?"

ఆ గొంతు స్పానిష్‌లో అడిగింది నీన్యోలెంతమంది అని. జనవరి నెలంతా రోజుకి పదిసార్లు ఎవరో ఒకరు హెర్లిందాని అడిగే ప్రశ్నే ఇది. నోరు అలవాటు ప్రకారం దానంతటదే జవాబిచ్చేసింది.

"తొమ్మండుగురండీ."

పెన్ను ఆగింది. "తొమ్మండుగురా?"

"నిన్నటిదాకా ఇరవైమూడుమంది. మిగతావాళ్ళని తీసుకెళ్ళిపోయారు."

ఫోన్లో గొంతు ఒక్క క్షణం తడబడింది. అయినా చెప్పినమాట ప్రకారం ఏమీ తీసెయ్యకుండా ఇంగ్లీషులో చెప్పింది.

"ఎవరు తీసుకెళ్ళారు?" మిసెస్ బాప్టిస్ట్ స్వరం మారిపోయింది. "ఎక్కడికి?"

"వాళ్ళ వాళ్ళే. దుప్పట్లో చుట్టి." చెప్పే మాట ఎటు పోతోందో హెర్లిందాకి తెలియడం లేదు. పేర్లు చెప్పకూడదన్న ఒక్కటే ఆమె బుర్రలో ఉంది. "పేర్లు నాకు తెలియవండీ. చీటీలు కాల్చేశాను."

మెట్ల మీద నుంచి ఆల్టాగ్రాసియా తలుపు బాదింది. "ఏమంటున్నావే పిచ్చిదానా! బొమ్మలని చెప్పు! బొమ్మలు!"

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ అరుపు స్పానిష్‌లో ఉండటంతో మిసెస్ బాప్టిస్ట్‌కి అర్థం కాలేదు, ఆమె లేచి నిలబడింది.

"చెయ్యి విరిగిన బాబు ఎక్కడ? నాకు ఇప్పుడే చూపించండి. మంచం కింద పెట్టెలో ఉన్నాడని మాకు సమాచారం."

అప్పటికిగానీ హెర్లిందాకి వెలగలేదు. మోకాళ్ళ మీద కూలబడి మంచం కింద నుంచి చెప్పుల పెట్టె లాగింది. మూత తీసింది. మిసెస్ బాప్టిస్ట్ తొంగిచూసింది. పత్తిలో పడుకుని ఉన్నాడు దోన్యా యూఫెమియా గారి పిల్లాడు. కళ్ళు లేవు, చేతికి తీగ, నోరు కొద్దిగా తెరిచి ఉంటే లోపల అద్దం ముక్క తళుక్కుమంది. ఆవిడ చాలాసేపు అలాగే చూసి, చెయ్యి ఛాతీమీద పెట్టుకుని మంచం మీద కూర్చోబోయింది.

"చూసుకోండి, అక్కడొకడున్నాడు!" అంది హెర్లిందా.

మిసెస్ బాప్టిస్ట్ నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. అయితే కథ అక్కడితో అయిపోలేదు, ఆఫీసు పనులు నవ్వుతో తెమలవు. పిల్లని చూడాలి, పిల్లతో విడిగా మాట్లాడాలి. మణికట్టు మీది మచ్చ చూసింది, కొలిచింది, రాసుకుంది. నయేలీని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. హెర్లిందా ఇవతల నిలబడింది. లోపల నుంచి మిసెస్ బాప్టిస్ట్ గొంతు వినిపిస్తోంది, మెత్తగా, మళ్ళీ మళ్ళీ. కూతురి గొంతు వినిపించడం లేదు. పదినిమిషాలు ఆమె ఆ నిశ్శబ్దాన్నే విన్నది.

బయటికొచ్చాక మిసెస్ బాప్టిస్ట్ మొహంలో నవ్వు లేదు.

"ఆ మచ్చ ఎలా వచ్చిందని అడిగాను. భయపెట్టేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. చివరికి నీకిష్టమైన రంగేమిటని కూడా అడిగాను. నోరు విప్పలేదు. ఏడేళ్ళ పిల్ల అలా ఉండదు కదమ్మా. ఎవరో మాట్లాడొద్దంటేనే అలా ఉంటుంది."

హెర్లిందా వెళ్ళి కూతురి పక్కన నిలబడింది.

"మీమీద నాకు కోపమేమీ లేదు. కానీ కేసు మూసెయ్యలేను. మళ్ళీ వస్తాను. ఈలోగా బళ్ళో ఎలా ఉంటుందో కనుక్కుంటుంటాను."

ఆమె వెళ్ళాక హెర్లిందా కూతుర్ని కావలించుకుని, ఇంక మాట్లాడొచ్చమ్మా, వాళ్ళు అడిగింది నీన్యో గురించే, తప్పు నీది కాదు అని వందసార్లు చెప్పింది. నయేలీ ఇంట్లో మాట్లాడింది. మామూలుగానే అటోలేలో చక్కెర చాల్లేదని గొడవపడింది. ఫోన్లో తండ్రికి లెక్కలు అప్పజెప్పింది. బడి గేటు దగ్గరికి రాగానే మాత్రం పెదాలు బిగించేది. వారం పోయాక మిస్ డోనవన్ నుంచి చీటీ వచ్చింది. ఆల్టాగ్రాసియా చదివింది.

"గురువారం నుంచి పిల్ల ఒక్క మాట మాట్లాడలేదంట. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుందంట. ఆఫీసుకి కూడా తెలియజేశామంట."

"నేనే దాని నోరు కుట్టేశాను అక్కా."

"కుట్టినదానివి నువ్వే విప్పు. రోజూ అదే కదా నీ పని, విరగ్గొట్టడం, అతికించడం."

"వెటకారమా?"

"వెటకారం కాదే. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా అది నమ్మదు. నీ నోటితో వద్దన్నావు, నీ మొహంలో భయం చూసింది. ఇప్పుడు వెళ్ళి ఆ బళ్ళోనే నీ మొహం చూపించు."

బడికెళ్ళడమంటే మాటలా? తలుపు దగ్గర గార్డుంటాడు. కార్డడుగుతాడు, పేరు పుస్తకంలో రాస్తాడు, ఫోటో తీస్తాడు. పదిహేడేళ్ళుగా ఏ పుస్తకంలోనూ ఎక్కకుండా తిరిగిన మనిషి ఆమె. రోజూ పిల్లని గేటు ఇవతల దింపడమే తప్ప ఏనాడూ గడప తొక్కలేదు. రెండు రోజులు ఆమె సూదిలో దారం కూడా ఎక్కించలేకపోయింది. మూడో రోజు నీన్యోని తీసుకుని దోన్యా యూఫెమియా ఇంటికెళ్ళి, చెయ్యి విరిగిన సంగతి ఒప్పుకుని, పిల్లాణ్ణి ఒక్కరోజు అరువడిగింది.

ముసలావిడ విరిగిన చోటు వేలితో తడిమింది. "నా చేతుల్లోనూ వీడి చెయ్యి రెండుసార్లు విరిగిందిలే. తీసుకుపో. చలిగా ఉంది, తలకి టోపీ పెట్టు."

శుక్రవారం పొద్దున్న పదింటికి హెర్లిందా నీన్యోని నీలం దుప్పట్లో చుట్టుకుని బడి తలుపు ముందు నిలబడింది. కాగితాల్లేనివాళ్ళకీ నగరం ఇచ్చే గుర్తింపు కార్డు, ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించనిది, చేతిలో చెమటకి తడిసిపోయింది. గార్డు కార్డు చూశాడు, ఆమెని చూశాడు, దుప్పటి కేసి చూశాడు.

"బాబు పడుకున్నాడా?"

ఆమె తలూపింది. అతను ఆమె పేరు నెమ్మదిగా పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాస్తున్నంతసేపూ ఆమె చూపు పెన్ను మీదే ఉంది.

తరగతిలో ఇరవైకి పైగా పిల్లలు. మిస్ డోనవన్ ఎదురొచ్చి ఏదో అంది, హెర్లిందాకి అర్థం కాలేదు. మూడో వరసలో నయేలీ తల్లిని చూసి బిగుసుకుపోయింది. తనని తీసుకుపోయే రోజు వచ్చిందనుకుందో ఏమో, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. హెర్లిందా వెళ్ళి కూతురి బల్లమీద నీన్యోని పడుకోబెట్టి దుప్పటి విప్పింది. మళ్ళీ కూర్చిన కళ్ళు, అతికిన చెయ్యి, తలకి ఊలు టోపీ. పిల్లలంతా మూగారు. ఎవరిదది, ఏమైంది వాడికి, నోట్లో మెరిసేదేమిటి అని ఒకటే ప్రశ్నలు. టీచరు హెర్లిందా కేసి చూసింది. హెర్లిందా దగ్గర జవాబు చెప్పే భాష లేదు. ఆ గదిలో రెండు భాషలూ తెలిసి, వాడి కథ తెలిసిన మనిషి ఒక్కతే.

నయేలీ తల్లి చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. చెవిలో, తమ భాషలో, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"అమ్మా, చెప్పొచ్చా?"

భయం పోయిందనుకోకండి. తన పేరు పుస్తకంలో ఉంది, కేసు ఆఫీసులో ఉంది, మిసెస్ బాప్టిస్ట్ మళ్ళీ వస్తుంది. ఆ భయం పిల్లకి కనబడకుండా హెర్లిందా నీన్యో టోపీ సర్దింది.

"చెప్పు తల్లీ. అంతా చెప్పు."

నయేలీ లేచి నిలబడింది.

"మా అమ్మ వీడి చెయ్యి విరగ్గొట్టింది," అంది గదంతా వినిపించేలా. "తర్వాత తనే బాగుచేసింది."